వారం దాకా బాగుచెయ్యొద్దు

శనివారం పొద్దున్న ఏడింటికి, పార్కు గేటు తెరవడానికి ఇంకా మూడు గంటలుందనగా, మేనేజింగ్ డైరెక్టరు వచ్చి పానా మామయ్య చేతిలో ఏడు బోర్డులూ ఒక సుత్తీ పెట్టి, "మామయ్యా, వీటిని ముందు హాల్లో వరసగా తగిలించు. నీ తెలివితేటలు మాత్రం వాడకు" అన్నాడు.

మేనేజింగ్ డైరెక్టరనేది బయటవాళ్ళ మాట. పానా మామయ్యకి వాడు అక్క కొడుకు, గుండు. పుట్టినప్పుడు ఫిరంగి గుండులా ఉన్నాడని పెట్టిన పేరు. నలభై ఆరేళ్ళొచ్చి, నెత్తిమీది జుట్టు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాక, ఆ పేరు వాడికి ఇంకాస్త అతికింది.

"నా తెలివితేటలు ఉచితమేగా గుండూ, ఎందుకొద్దంటావు?"

"ఉచితంగా వచ్చినవాటికే రిపేరు ఎక్కువ మామయ్యా."

మామయ్యకి అరవై ఎనిమిది. నాలుగో తరగతి రెండుసార్లు చదివాడు. మూడోసారికి మేష్టారే చేతులు జోడించాడు. ఆ తర్వాత జేబులోకి ఒక పానా వచ్చి చేరింది, అది ఈనాటికీ దిగలేదు. పార్కులో తిరిగేవీ, ఊగేవీ, అరిచేవీ అన్నీ ఆయన చేతుల్లోనే చెడిపోతాయి, ఆయన చేతుల్లోనే బాగుపడతాయి.

గోడకి ఆనించిన మొదటి బోర్డు ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "మా స్థాపకులు విదేశీ పరిజ్ఞానంతో... ఎంతో ముందుచూపుతో... అద్దాల మందిరాన్ని నిర్మించారు. ఎవర్రా ఇది? మీ నాన్నా?"

"మరింకెవరు?"

"ముందుచూపా! ఆ రోజు మా బావకి ఎదురుగా ఉన్న గోడే కనిపించలేదు కదరా."

"ఎందుకు కనిపించలేదు?"

మామయ్య నాలిక్కరుచుకున్నాడు. "ఏం లేదులే. మబ్బు పట్టింది ఆ రోజు."

మూడో బోర్డు దగ్గరికొచ్చేసరికి ఆయనకి నవ్వాగలేదు. దెయ్యాలకొంపలో వినిపించే శబ్దాలన్నీ 'ప్రపంచ ప్రఖ్యాత స్టూడియోలో తయారైనవి' అని బంగారు రంగు అక్షరాల్లో ఉంది. "స్టూడియో అంటే నీ గొంతుకేనా గుండూ?"

గుండు చెవులు ఎర్రబడ్డాయి. "మామయ్యా, విను. పది గంటలకి పెద్ద కంపెనీ ఆయన వస్తున్నాడు. ఇరవై రెండు ఊళ్ళలో వాళ్ళ పార్కులున్నాయి. మనల్ని కలుపుకుంటారు. సోమవారం సంతకాలు. యాభై ఏళ్ళ కంపెనీ అంటే ఒక చరిత్ర ఉండాలి కదా? పొరపాట్ల చిట్టా గోడకెక్కిస్తే ఎవడు కలుపుకుంటాడు?"

"కలుపుకుని?"

"అద్దాల గది తీసేసి ఫోటోలు దిగే పెద్ద తెర పెడతారు. ఏది కాస్త వంకరగా తిరిగినా ఆ నిమిషమే మూసేసి ఫారం నింపాలి."

"అంటే మన వారం రూలు?"

"పోతుంది."

"కుండద్దం?"

"అదీ పోతుంది మామయ్యా. సోమవారం మధ్యాహ్నం పగలగొట్టేవాళ్ళు వస్తారు. సగం పూత ఊడిపోయింది దానికి. నా నెత్తిలాగే." నవ్వించబోయాడు గానీ మామయ్య నవ్వలేదు. గుండు గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

కుండద్దం సంగతి చెప్పుకోవాలంటే యాభై ఏళ్ళు వెనక్కి నడవాలి. అప్పుడిది పార్కు కాదు, బావగారి అద్దాల కార్ఖానా. ఒక పెద్ద బట్టల దుకాణం నుంచి డజను నిలువుటద్దాలకి ఆర్డరొచ్చింది. గాజు గట్టిపడాలని ముందు బట్టీలో వేడి చెయ్యాలి. వేడి ఒక గీత దాటిందో, గాజు మైనంలా జారుతుంది. బట్టీకి వేడి చూపించే ఒక చిన్న ముల్లుంటుంది, అదెక్కడుందో చూసి గాజు దించాలి. బావ చూశాడు. దించాడు. చల్లారాక పూత కూడా పూసి బండికెక్కించాడు. దుకాణం యజమాని మొదటి అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకోబోయి, ఓ అడుగు వెనక్కేశాడు. అద్దంలో ఆయన లేడు. కాళ్ళొచ్చిన కుండ ఉంది. కుండకి మీసాలున్నాయి.

డజనుకి డజనూ తిరిగొచ్చాయి. బావ తల పట్టుకుని గడపలో కూర్చున్నాడు. అక్క లోపలికెళ్ళి ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కోడానికి బయటికొచ్చి, దార్లో ఆ అద్దంలో తనని తాను చూసుకుంది. ఏడ్చిన మొహం కుండంతైంది. ముక్కు చెంబంతైంది. ఇంకేముంది, కడుపు పట్టుకుని అక్కడే కూలబడి నవ్వింది. బావ సుత్తి తీసుకుని వస్తే చెయ్యడ్డం పెట్టింది.

"ఆగండి. దీనివల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదుగా. నాకు నవ్వొచ్చింది. ఇంకెవరికొస్తుందో ఒక వారం చూద్దాం. అప్పటికీ కోపం తగ్గకపోతే అప్పుడే పగలగొట్టుకోండి."

అద్దాలన్నీ వీధివైపు గదిలో నిలబెట్టింది. మొదటి రోజు ఇరుగుపొరుగు. మూడో రోజుకి వీధి. వారానికి ఊరు. ఎనిమిదో రోజున బావ సుత్తి పక్కన పెట్టి టికెట్లు చింపుతున్నాడు.

కంపెనీ కాగితాలు రాయించినప్పుడు అక్క పట్టుబట్టి మొదటి వాక్యంగా ఇదే పెట్టించింది: 'పొరపాటు జరిగితే, దెబ్బ తగిలేదైతే ఆ నిమిషమే బాగుచెయ్యాలి. నవ్వొచ్చేదైతే వారం దాకా బాగుచెయ్యకూడదు.' ఇంట్లో ఎవరు పన్లో చేరినా దానికింద సంతకం పెట్టాల్సిందే. రూలంటే రెండు సగాలూ రూలే. ఒకసారి పెద్ద ఊయల ఇరుసు కొంచెం కిచకిచమంటే, ఆదివారం జనం నెత్తిన జనం ఉండగా అక్క దాన్ని ఆపించేసి, పంతొమ్మిది రోజులు తాళం తియ్యలేదు. ఇంకోసారి మామయ్య ఆర్నెల్లు కష్టపడి చేసిన పాడే బొమ్మ గొంతు జీరపోయింది. వారం చూశారు. ఒక్కరు నవ్వితే ఒట్టు. ఎనిమిదో రోజున "తీసెయ్యరా" అంది అక్క. మామయ్య దాన్ని విప్పుతూ ముక్కు చీదుకున్నాడు గానీ, తీసేశాడు.

సరే, ఈ కథంతా మామయ్యకి నోటికొచ్చు. ఒక్క ముక్క మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. అది తర్వాత.

బోర్డులక్కడే వదిలేసి మామయ్య అద్దాల గదికెళ్ళాడు. డెబ్బై ఆరేళ్ళ అక్క చేతికర్ర పట్టుకుని కుండద్దం ముందు నిలబడి ఉంది. బావ పోయినప్పట్నుంచీ గేటు తెరవకముందు మొదటి ఆట ఆవిడదే. బుగ్గలు పూరిస్తుంది, నాలిక బయటపెడుతుంది, తనని చూసి తనే నవ్వుతుంది. అప్పుడు గేటు తాళం ఇస్తుంది.

"అక్కా, సోమవారం నిన్ను పగలగొట్టేస్తాడట నీ కొడుకు."

"నన్నా, అద్దాన్నా?"

"నాకు రెండూ ఒకటే."

అక్క బుగ్గల్లోంచి గాలి వదిలేసింది. "తెలుసు. రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. నా మొహం చూడకుండా చెప్పాడు."

"మరి వద్దనలేకపోయావా? కుర్చీ ఇచ్చావు సరే, నోరు కూడా ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను. ఇచ్చిన కుర్చీలో మళ్ళీ నేనే కూర్చుంటే వాడెక్కడ కూర్చుంటాడు, నా ఒళ్ళోనా?"

"అయితే ఇంతేనా?"

"నన్నడుగుతావేంట్రా? వాడు బోర్డులు తగిలించమన్నాడు. పోయి తగిలించు." అక్క మళ్ళీ అద్దంవైపు తిరిగింది. "ఏదో ఒక పొరపాటు జరక్కుండా నువ్వు ఈ యాభై ఏళ్ళలో ఒక్క పనైనా చేశావా గనక."

అద్దంలో పళ్ళెమంత కన్ను ఒకటి మూసుకుని తెరుచుకుంది.

మామయ్య ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత పరుగులాంటి నడకతో సామాన్ల గదికెళ్ళి, రైలింజనుకి వేసే ఎర్రరంగు డబ్బా, ఒక కుంచె తెచ్చుకున్నాడు. చెప్పినట్టే ఏడు బోర్డులూ వరసగా తగిలించాడు. ఎవరూ వంక పెట్టలేనంత తిన్నగా. ఆపైన ఒక్కో బంగారు అక్షరాల బోర్డు కిందా గోడమీదే రాయడం మొదలెట్టాడు. గాలికి వాలిన గుంజల్లా అక్షరాలు కుడివైపు ఒరిగాయి గానీ, చదవడానికేం ఇబ్బంది లేదు.

రెండో బోర్డు కింద: 'వెనక్కెళ్ళే రైలు ఎవరి ఆలోచనా కాదు. నేను తీగలు తారుమారుగా కలిపాను. రైలు వెనక్కి పోయింది. పిల్లలు దిగమంటే దిగలేదు. వారం చూశాం. ముప్ఫై ఏడేళ్ళుగా చూస్తూనే ఉన్నాం.'

మూడో బోర్డు కింద: 'స్టూడియో లేదు, గాడిదగుడ్డూ లేదు. మా గుండు ఆరేళ్ళప్పుడు దెయ్యాల పెట్టెలో దూరి నిద్రపోయాడు. బస్తాలు మోసే మనుషులు నలుగురు చూడ్డానికొచ్చారు. వీడు లేచి కూర్చుని, అమ్మా ఆకలేస్తోందే అన్నాడు. నలుగురూ చెప్పులొదిలేసి పారిపోయారు. పిల్లాణ్ణి వారం పెట్టెలో ఉంచలేం కదా అని అక్క ఆ గొంతు టేపులో పట్టింది.'

అలా నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఊయల తాళం కథా రాశాడు, పాడే బొమ్మ కథా రాశాడు. తన ఓటమి తనే రాసుకోడం పెద్ద కష్టం అనిపించలేదు. చివరికి మొదటి బోర్డు మిగిలింది.

దానికింద కుంచె ఆగిపోయింది. ఎర్రరంగు చుక్క చుక్కగా చెప్పుమీద పడుతోంది. అందరి బండారం బయటపెట్టి తనది దాచుకుంటే, ఈ గోడకీ గుండు గోడకీ తేడా ఏముంది? మామయ్య కళ్ళు మూసుకుని ఒక్క ఊపులో రాసేశాడు: 'ముందుచూపు కాదు. ఆ రోజు సరదాకి బావ కళ్ళజోడు నేను దాచాను. బట్టీ ముల్లు ఆయనకి కనిపించలేదు. అద్దాలు వంగాయి. యాభై ఏళ్ళుగా చెప్పలేదు. నవ్వింది అక్క. వారం ఆగమంది అక్క. కంపెనీ పెట్టింది అక్క.' కింద పేరు కూడా పెట్టాడు: పానా.

పదింటికి గేటు తెరిచారు. ఎప్పుడూ హాలు దాటుకుని రైలుకేసి ఉరికే జనం, ఆ రోజు గోడ దగ్గర ఆగిపోయారు. ఒకాయన పైకి చదువుతుంటే వెనకవాళ్ళు "గట్టిగా చదవండి" అని కేకలు. ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ, "ఏమండీ, ఆకలి దెయ్యం ఎటువైపు?" అని అడుగుతోంది. టికెట్ల కిటికీలో కూర్చునే గుండు పెళ్ళాం లేచొచ్చి, మొత్తం చదివి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"మామయ్యగారూ, ఈయన చిన్నప్పుడు ఇంత ముద్దుగా ఉండేవారా? నాకు చెప్పనేలేదు!"

"అడిగితే ఆకలేస్తోందని తప్పించుకుని ఉంటాడమ్మా."

సరిగ్గా అప్పుడే గుండు వచ్చాడు. వెంట పెద్ద కంపెనీ ఆయన. ఆయన చొక్కా, కోటు, నవ్వు, మాట, ఏ ఒక్కదానిమీదా మడత లేదు. మామయ్య మనసులోనే ఆయనకి ఇస్త్రీ మనిషి అని పేరు పెట్టేశాడు.

గుండు గోడ చూశాడు. "మామయ్యా!"

"పొరపాటైపోయిందిరా గుండూ."

"ఇది పొరపాటా? ఏడు బోర్డుల కిందా కథలు రాసి, సంతకం పెట్టి!"

"పెద్ద పొరపాటే. సంతకం పెట్టేదాకా నాకే తెలీలేదు."

జనం గొల్లుమన్నారు. గుండు గుడ్డ తెమ్మని అరిచాడు, సున్నం తెమ్మని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఈలోగా వాడి పెళ్ళాం టికెట్ల గదిలోంచి పటం కట్టిన కంపెనీ కాగితం తెచ్చి వాడి ముక్కు ముందు పట్టుకుంది. మొదటి వాక్యం, దానికింద ఇరవై మూడేళ్ళ వయసులో గుండు గారు వంకర్లు పోతూ పెట్టిన సంతకం.

"నువ్వు కూడానా?" అన్నాడు గుండు.

"నేను కూడా సంతకం పెట్టాను కదండీ. మీ పక్కనే. మీరే పెట్టించారు."

కర్ర చప్పుడైంది. జనం దారిచ్చారు. అక్క నెమ్మదిగా వచ్చి గోడని ఈ చివర్నుంచి ఆ చివరికి చదివింది. మొదటి బోర్డు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. మామయ్య తన చెప్పుమీది ఎర్రచుక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"దీనివల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంది అక్క.

"నాకు తగిలిందమ్మా!"

"ఎక్కడ?"

గుండు చూపించబోయి, ఎక్కడ చూపించాలో తెలీక చెయ్యి గాల్లోనే ఉంచేశాడు. ఇస్త్రీ మనిషి గొంతు సవరించుకున్నాడు. "పర్వాలేదు సార్, ముందు లోపలంతా చూద్దాం. తర్వాత మాట్లాడుకుందాం."

అన్నీ చూశారు. వెనక్కెళ్ళే రైలు దగ్గర ఇస్త్రీ మనిషి ఏదో రాసుకున్నాడు. కుండద్దం ముందు తన వంక చూసుకోకుండానే దాటిపోయాడు. దెయ్యాలకొంపలోకి గుండూ ఆయనా వెళ్ళారు, వెనకాల మామయ్య, పానా తిప్పుకుంటూ. చీకట్లో పెట్టె మూత కిర్రుమని లేచింది.

"అమ్మా... ఆకలేస్తోందే..."

ఇస్త్రీ మనిషి చేతిలో ఫైలు ఎగిరిపడింది. కాగితాలన్నీ నేలపాలయ్యాయి. బయటికొచ్చేసరికి ఆయన కోటు మీద మొట్టమొదటి మడత పడింది. చెమట తుడుచుకుని మళ్ళీ నవ్వు తగిలించుకున్నాడు.

"చూడండి సార్, మీ స్థలం బాగుంది. మీ పేరు బాగుంది. ఆ గోడ మాత్రం సాయంత్రానికల్లా శుభ్రంగా ఉండాలి. అద్దాల సంగతి మాట్లాడుకున్నాం కదా. ఇంకా ఈ గొంతు... మా దగ్గర నాణ్యమైన దెయ్యాలున్నాయి, పంపిస్తాం. ఇదెవరిదోగానీ మరీ చౌకగా ఉంది. ఎవడో ఊరూపేరూ లేని పిల్లాణ్ణి పట్టుకొచ్చి అరిపించినట్టుంది."

గుండు దెయ్యాలకొంప వైపు తిరిగాడు. బళ్ళో వాణ్ణి పదేళ్ళపాటు ఆకలి దెయ్యం అని పిలిచారు. అందుకే స్టూడియో అని రాయించాడు. మామయ్యకా సంగతి తెలుసు. ఇప్పుడు వాడి మొహంలోకి చూడాలంటే భయమేసింది. దెయ్యాలకొంప ముందు లైను రైలు దాకా పాకింది. లోపల్నించి మళ్ళీ "అమ్మా... ఆకలేస్తోందే..." అని వినిపించింది, వెంటనే పదిమంది కెవ్వుమన్నారు, ఆ కేక తోక పట్టుకుని నవ్వులొచ్చాయి.

"నాది" అన్నాడు గుండు.

"ఏమిటి సార్?"

"ఆ గొంతు నాదండి. ఊరుంది, పేరుంది. మా మామయ్య పెట్టిన పేరు. చౌకేమీ కాదు, ఆ పూట నిజంగానే ఆకలేసింది నాకు."

ఇస్త్రీ మనిషి నవ్వు ఒకవైపు జారింది. "సరే, దాని గురించి తర్వాత చూద్దాం. గోడ మటుకు సాయంత్రానికి..."

"కుదరదండి. వారం ఆగాలి. మా రూలు."

"సోమవారం మా మీటింగు. అప్పటికి ఆ రాతలు గోడమీద ఉంటే సంతకాలుండవు. మళ్ళీ అడగం కూడా."

గుండు నెత్తి నిమురుకున్నాడు. తెరిచిన తలుపులోంచి హాల్లో ఉన్న తల్లివైపు ఒక్కసారి చూశాడు. అక్క అటు తిరిగి గోడమీది ఏడో బోర్డు రెండోసారి చదువుతోంది. సాయం అడిగితే చెయ్యదు, అది ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది.

"ఉండవులెండి" అన్నాడు గుండు. "మామయ్యా, ఆయన కాగితాలు లోపల పడిపోయాయి. ఏరిచ్చెయ్."

"ఏరిస్తాను. తారుమారుగా పెడితే ఏమనుకోవద్దు" అన్నాడు మామయ్య.

ఇస్త్రీ మనిషి వాటికోసం ఆగలేదు.

గేటు దాకా సాగనంపి వచ్చి గుండు హాల్లో బల్లమీద కూలబడ్డాడు. టై విప్పి జేబులో కుక్కాడు. పెళ్ళాం మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఆకలేస్తోందా?" అని అడిగి, వాడు గుర్రుగా చూస్తే కిటికీ వెనక్కి పారిపోయింది.

మామయ్య అక్క పక్కకి చేరాడు. ఇంక తప్పదు. "అక్కా, ఆ మొదటి బోర్డు కింద రాసింది..."

"కళ్ళజోడేగా?"

"నీకు..."

"ఆ రోజే తెలుసురా. నీ జేబులోంచి ఒక కాడ బయటికి కనిపిస్తూనే ఉంది."

"మరి బావతో చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను ఇంట్లోంచి తగిలేసేవారు. అప్పుడది దెబ్బ తగిలే పొరపాటయ్యేది." అక్క కర్రతో ఆయన చెప్పుమీది ఎర్రచుక్కని తట్టింది. "నవ్వొచ్చే పొరపాటువి నువ్వు. వారం చూద్దామనుకున్నా. యాభై ఏళ్ళయింది. ఇంకా తేల్చుకోలేదు."

మామయ్య ఏదో వెటకారం చెయ్యబోయాడు. ముక్కు చీదుకోవాల్సొచ్చింది. ఆయన జన్మలో ఇది రెండోసారి, మొదటిది పాడే బొమ్మప్పుడు.

బల్లమీంచి గుండు లేచాడు. "ఆ కుంచె ఇలా ఇవ్వు మామయ్యా."

తుడిపేస్తాడా? మామయ్య కుంచె వెనక్కి దాచుకుంటూ, "ఎండిపోయిందిరా" అన్నాడు.

"ఇవ్వమంటుంటే!"

గుండు ఏడో బోర్డు పక్కన ఖాళీ గోడ ముందు నిలబడ్డాడు. బోర్డు లేదు, బంగారు అక్షరాల్లేవు. తేదీ వేశాడు. చదువుకున్నవాడు కాబట్టి అక్షరాలు తిన్నగా వస్తాయనుకున్నారు గానీ, అవీ కుడివైపే ఒరిగాయి. జనం మళ్ళీ చుట్టూ మూగారు. పొద్దున్న పైకి చదివినాయన మళ్ళీ చదవడానికి ముందే సిద్ధమయ్యాడు.

'ఈ రోజు మేనేజింగ్ డైరెక్టరు పెద్ద కంపెనీని వెళ్ళగొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వారం చూద్దాం.'

కింద ఏ పేరు పెట్టాలా అని కాసేపు ఆలోచించి, గుండు అని పెట్టాడు.